ఒంటిచక్రపు బండికి వాట్ల కొలత సరిపోదు

సంపాదకులకు,

నమస్కారం. కొండాపూర్‌లోని మా ఇంటి నుంచి హైటెక్ సిటీలో నేను పనిచేసే ఆఫీసుకు నాలుగు కిలోమీటర్ల దూరం. మూడేళ్లుగా నేను ఎలక్ట్రిక్ యూనిసైకిల్ మీద, అంటే బ్యాటరీతో నడిచే ఒంటిచక్రపు బండి మీద వెళ్లివస్తున్నాను. మన నగరాల్లో ఇవి ఇప్పుడిప్పుడే అక్కడక్కడా కనబడుతున్నాయి. వీటికి ఎలాంటి నిబంధనలుంటే మేలో, రోజూ వాడే మనిషిగా నాకు అర్థమైనంతలో మీ పత్రిక ద్వారా చెప్పదలిచాను.

గత నెల ఒక కూడలి దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒకరు నన్ను ఆపి, "దీనికి నంబరేదండీ?" అని అడిగారు. లేదన్నాను. లైసెన్సు అడిగితే కారు లైసెన్సు చూపించాను. ఆయన బండిని పిడి పట్టుకుని పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏ లెక్కలోకొస్తుందో నాకూ తెలీదు, జాగ్రత్తగా పోండి" అని పంపేశారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు. ఏ లెక్కలోకొస్తుందో తెలియకపోవడం ఆయన తప్పు కానే కాదు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, అరగంట పాటు నిలకడగా ఇవ్వగల మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, ఆ సంగతిని గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరిస్తే, అలాంటి బ్యాటరీ బండిని మోటారు వాహనంగా పరిగణించరు. దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. నేను వాడే బండి మోటారు 800 వాట్లది. కాబట్టి నిబంధనను అక్షరాలా చదివితే అది మోటారు వాహనమే. అయితే రిజిస్టర్ చేయిద్దామంటే రెండు, మూడు, నాలుగు చక్రాల బండ్లకున్నట్టు ఒంటి చక్రానికి ఒక వర్గమే లేదు. అందుకే పెద్ద రోడ్డు ఎక్కకుండా, చుట్టూ తిరిగైనా సరే, కాలనీ దారుల్లోనే వెళ్తున్నాను.

250 వాట్ల లోపు బండే కొనుక్కోవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఆ ప్రశ్నే. సైకిల్‌లోనో స్కూటర్‌లోనో మోటారు పని బండిని ముందుకు లాగడం వరకే. ఒంటిచక్రపు బండిలో మనిషిని నిలబెట్టేది కూడా మోటారే. పిల్లలు అరచేతిలో కర్రను నిలువుగా పెట్టి ఆడించేటప్పుడు కర్ర ఎటు ఒరిగితే చేతిని అటు జరుపుతారు. ఈ బండి చేసేదీ అదే. లోపలి గైరోస్కోపు, యాక్సిలరోమీటరు బండి ఎటు ఒరుగుతోందో క్షణక్షణం కనిపెడుతుంటే, మోటారు చక్రాన్ని అటు పరుగెత్తించి మళ్లీ మనిషి కిందికి తెస్తుంది. ముందుకు వంగితే వేగం పెరుగుతుంది, వెనక్కి వాలితే బ్రేకు పడుతుంది. పక్కలకు పడిపోకుండా చూసుకోవడం మాత్రం, సైకిల్ మీద లాగానే, మన వంతు. ఎత్తు ఎక్కాలన్నా, గుంతలోంచి లేవాలన్నా, గట్టిగా బ్రేకు వేయాలన్నా మోటారుకు ఒక్కసారిగా చాలా శక్తి కావాలి. ఆ శక్తి చాలని క్షణంలో పాదాల కింది పలకలు ముందుకు వాలిపోతాయి, మనిషి ముందుకు పడతాడు.

ఇది నాకు అనుభవమే. నేను మొదట కొన్నది 350 వాట్ల చిన్న బండి. ఒక సాయంత్రం బ్యాటరీ అడుగంటుతుండగా ఎత్తు రోడ్డు ఎక్కుతూ ఒక స్పీడ్ బ్రేకర్ మీదికి వెళ్లాను. బండి రెండుసార్లు బీప్‌మని హెచ్చరించింది. మూడోసారి మోగేలోపు నేను రోడ్డు మీద ఉన్నాను. అప్పుడు నా వేగం గంటకు పదిహేను కిలోమీటర్లు కూడా లేదు. హెల్మెట్ ఉండబట్టి తలకు దెబ్బ తగల్లేదు గానీ, మణికట్టు ఎముక చిట్లి ఆరు వారాలు కట్టుతో ఉన్నాను. ఇప్పటి పెద్ద మోటారు బండి మీద రోజూ అదే ఎత్తు ఎక్కుతున్నాను, పాదాల కింది పలక కాస్తయినా ఒరగదు. వేగం ఎక్కువైతే ప్రమాదమన్న మాట నిజం. కానీ ఈ బండి విషయంలో శక్తి తక్కువైనా అంతే ప్రమాదం.

ఈ తేడాను గుర్తించిన దేశాలున్నాయి. జర్మనీ 2019లో తెచ్చిన నిబంధనల్లో చిన్న విద్యుత్ వాహనాలకు 500 వాట్ల పరిమితి పెట్టింది. అయితే శక్తిలో కనీసం 60 శాతాన్ని బండి తన సమతూకం కోసమే వాడుకుంటుంటే 1400 వాట్ల దాకా అనుమతించింది. పట్టుకునే కడ్డీ తప్పనిసరి అన్నారు కనుక ఒంటిచక్రాలకు అక్కడ రోడ్డు మీద చోటు దొరకలేదు, అది వేరే సంగతి. అదే ఏడాది అక్టోబరులో ఫ్రాన్స్ తన నిబంధనల్లో ఒంటిచక్రాన్ని కూడా చేర్చింది. గంటకు 25 కిలోమీటర్ల వేగ పరిమితి పెట్టి, ఊళ్లో సైకిల్ దారి ఉన్నచోట అందులోనే వెళ్లాలని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండకూడదని, బీమా ఉండి తీరాలని నిర్దేశించింది. కనీస వయసు మొదట 12 ఏళ్లు, 2023 నుంచి 14 ఏళ్లు. మన దగ్గర పదహారేళ్లయినా ఉండాలని నా అభిప్రాయం.

పాదచారుల భయం న్యాయమైనదే. ఈ బండి చప్పుడు లేకుండా వస్తుంది, వృద్ధులు ఉలిక్కిపడతారు. మన ఫుట్‌పాత్‌లు ఉన్నవే కొన్ని, వాటి మీదికి దీన్ని రానివ్వకూడదు. హెల్మెట్, మణికట్టు రక్షణ తొడుగులు, ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం తప్పనిసరి చేయాలి. బ్యాటరీ విషయంలోనూ ఉదాసీనత పనికిరాదు. 2022లో విద్యుత్ స్కూటర్లు కాలిపోయిన ఘటనల తర్వాత కేంద్రం బ్యాటరీ పరీక్షలను కఠినం చేసినట్టే, అపార్ట్‌మెంట్లలో రాత్రంతా చార్జింగ్‌లో ఉండే ఈ బండ్లకూ అలాంటి పరీక్ష ఉండాలి.

నా విన్నపం రవాణా శాఖ అధికారులకు. రాష్ట్రం తరఫున కేంద్రానికి సూచనలు పంపే సందర్భం వస్తే, తమ సమతూకాన్ని తామే చూసుకునే బండ్లకు 250 వాట్ల షరతును సడలించి, వేగాన్ని మాత్రం 25 కిలోమీటర్ల దగ్గరే కట్టడి చేయమని కోరండి. ఆ కట్టడి కష్టమేమీ కాదు. నిర్ణీత వేగం దాటబోతే పాదాల కింది పలకలు వెనక్కి ఒరిగి మనిషిని నెమ్మదింపజేసే ఏర్పాటు ఈ బండ్లలో ఇప్పటికే ఉంది. దాన్ని కొనుగోలుదారు మార్చలేకుండా తయారీదారే బిగించి అమ్మాలి. ధ్రువీకరణ పరీక్షను కూడా నున్నటి చదును నేల మీద, నిండు బ్యాటరీతో చేసి సరిపెట్టకుండా, తొంభై కిలోల బరువుతో, బ్యాటరీ నాలుగో వంతుకు దిగినప్పుడు, ఎత్తు మీద స్పీడ్ బ్రేకర్ దాటించి చేయాలి. నేను పడింది సరిగ్గా అలాంటి చోటే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొండాపూర్, హైదరాబాద్