విశ్వావసు నామ సంవత్సర వార్షిక నివేదిక: కుటుంబ చట్టాల అవగాహన కార్యక్రమం

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి, పిల్లల తెలుగు బడి ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఖర్చుల లెక్కలు కోశాధికారి గారు విడిగా చదువుతారు. నేను ఈ నివేదికలో ఎక్కువగా చెప్పేది ఈ ఏడాది మొదలుపెట్టిన కొత్త పని గురించి. పెళ్లి, విడాకులు, సహజీవనం విషయాల్లో మనం ఉంటున్న రాష్ట్రాల చట్టాలు ఏం చెబుతున్నాయో నార్త్ కరోలినాలోని షార్లెట్, సరిహద్దు అవతల సౌత్ కరోలినాలోని ఫోర్ట్ మిల్ ప్రాంతాల కుటుంబాలకు లాయర్ల చేత చెప్పించాం.

సంఘానికి సాయం కోసం ఫోన్ చేసేవాళ్లు ఒకప్పుడు వీసా గురించో, ఆస్పత్రి బిల్లు గురించో అడిగేవారు. ఇప్పుడు ఇంట్లో సంగతులు అడుగుతున్నారు. "ఆయన వేరే అపార్ట్‌మెంట్‌కి వెళ్లిపోయారు, నేను హెచ్-4 మీద ఉన్నాను, నాకు ఏమైనా హక్కు ఉందా?" అని అడిగే గొంతులో టెన్షన్ విన్నవాళ్లకు తెలుస్తుంది ఈ పని ఎందుకు అవసరమో (హెచ్-4 అంటే ఉద్యోగ వీసా మీద ఉన్నవారి భార్య లేదా భర్తకు, పిల్లలకు ఇచ్చే వీసా). అప్పటికే ఆమెకు హైదరాబాద్ నుంచి ఒకరు, కాలిఫోర్నియా నుంచి మరొకరు సలహా ఇచ్చి ఉంటారు. రెండూ ఇక్కడ పనికిరావు. అమెరికాలో పెళ్లి, విడాకుల చట్టాలు చాలావరకు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే. మనకైతే ఇంకో చిక్కు ఉంది. చాలామందికి ఆఫీసు షార్లెట్‌లో, ఇల్లు సరిహద్దు దాటి సౌత్ కరోలినాలో. రోజూ రెండు చట్టాల మధ్య తిరుగుతున్నాం.

మొదటి సదస్సు వివాహేతర సంబంధాల మీద. మన దేశంలో వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసిన ఐపీసీ 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 27న కొట్టేసింది. అక్కడే నేరం కానిది అమెరికాలో ఎలా నేరమవుతుందని చాలామంది అనుకుంటారు. న్యూయార్క్ రాష్ట్రం ఇలాంటి 1907 నాటి చట్టాన్ని రద్దు చేసింది 2024 నవంబర్‌లోనే. రెండు కరోలినాల్లో అలాంటి సెక్షన్లు పుస్తకాల్లో ఇంకా ఉన్నాయి. ఆ నేరం కింద పోలీసులు తలుపు తట్టడం దాదాపు లేదు. అసలు దెబ్బ సివిల్ కోర్టులో తగులుతుంది. నార్త్ కరోలినాలో, తమ దాంపత్యాన్ని చెడగొట్టారని మూడో వ్యక్తి మీద భర్త గానీ భార్య గానీ నష్టపరిహారం దావా వేయవచ్చు. 2018లో డర్హమ్‌లో ఇలాంటి ఒక కేసులో జడ్జి సుమారు 88 లక్షల డాలర్లు కట్టమన్నారు. దావాకు గడువు మూడేళ్లు. దంపతులు ఇక కలవకూడదనే ఉద్దేశంతో విడిపోయిన తర్వాత జరిగినవి దీని కిందకు రావు. సౌత్ కరోలినా మాత్రం ఈ దావాను 1992లోనే తీసేసింది.

భరణం సంగతికి వస్తే సౌత్ కరోలినా మరీ కఠినం. భరణం కోరేవాళ్లు వివాహేతర సంబంధంలో ఉన్నారని రుజువైతే, అది ఆస్తి ఒప్పందం మీద సంతకాలకో కోర్టు తుది ఉత్తర్వుకో ముందు జరిగినదైతే, భరణం రాదు. విడిగా ఉంటున్నాం కదా అన్నది అక్కడ సమాధానం కాదు. నార్త్ కరోలినాలో విడిపోయిన తేదీ వరకు జరిగినదాన్నే చూస్తారు. తప్పు ఆధారపడిన భాగస్వామిదైతే భరణం ఇవ్వరు, పోషించే భాగస్వామిదైతే ఇచ్చి తీరాలి. ఇద్దరిదీ అయితే జడ్జి విచక్షణ.

ఈ ఏడాది మొత్తంలో అందరికంటే ఎక్కువ మందికి పనికొచ్చింది రెండో సదస్సు. నార్త్ కరోలినాలో విడాకులు కావాలంటే ఒక ఏడాది విడివిడి ఇళ్లలో ఉండాలి. ఒకే ఇంట్లో పై అంతస్తులో ఒకరు, కింద ఒకరు అంటే కుదరదు. అంతకంటే ముఖ్యమైన విషయం ఒకటుంది, దీన్ని దయచేసి మీ ఇళ్లలో అందరికీ చెప్పండి. ఆస్తి పంపకం, భరణం కావాలని విడాకుల తీర్పు రాకముందే కోర్టులో అడిగి ఉండాలి. తీర్పు వచ్చాక అడిగితే సాధారణంగా ఆ హక్కు పోయినట్టే. "విడాకులు అయిపోనీ, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం" అని భర్త చెబితే నమ్మి ఊరుకున్న ఆడపిల్లలు ఉన్నారు. ఇంగ్లిష్‌లో వచ్చిన కోర్టు కాగితం చూసి భయపడి, జవాబు ఇవ్వకుండా సొరుగులో పెట్టేసినవాళ్లూ ఉన్నారు. విడాకులతో హెచ్-4 హోదా కూడా పోతుంది కాబట్టి వీళ్లకు లాయర్‌తో పాటు ఇమ్మిగ్రేషన్ సలహా కూడా అదే వారంలో అందాలి. ఈ సంగతి నాకు మనసులో నుంచి పోవడం లేదు.

ఇక్కడి తీర్పు ఇండియాలో చెల్లుతుందా అని కూడా చాలామంది అడిగారు. తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కేసులో భారత సుప్రీంకోర్టు 1991లోనే దీని మీద తీర్పు ఇచ్చింది. భర్త మిస్సోరీ కోర్టులో తెచ్చుకున్న విడాకులను ఒప్పుకోలేదు. హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద, భార్య ఆ కోర్టు అధికారానికి ఒప్పుకోకుండా తెచ్చుకున్న తీర్పు మన దేశంలో చెల్లదని చెప్పింది. ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే సంగతి వేరు. కాబట్టి ఇక్కడ విడాకులు వచ్చాయని అక్కడ మళ్లీ పెళ్లికి ముహూర్తం పెట్టుకునే ముందు రెండు దేశాల లాయర్లనూ అడగండి.

సహజీవనం మీద పెట్టిన సదస్సుకు పిల్లలు ఎక్కువగా, పెద్దలు తక్కువగా వస్తారనుకున్నాం. ఇద్దరూ సమానంగా వచ్చారు. పెళ్లి కాకుండా కలిసి ఉండటాన్ని నేరంగా చూసే నార్త్ కరోలినా చట్టం 1805 నాటిది. కలిసి ఉంటున్నందుకు ఉద్యోగం పోగొట్టుకున్న ఒక షెరీఫ్ (కౌంటీ పోలీసు) ఆఫీసు డిస్పాచర్ కోర్టుకు వెళితే, 2006లో జడ్జి అది రాజ్యాంగ విరుద్ధమన్నారు. సౌత్ కరోలినాలో ఇంకో విచిత్రం. 2019 జులై 24కు ముందు భార్యాభర్తలమనే ఉద్దేశంతో, అలాగే చెప్పుకుంటూ కలిసి ఉన్నవాళ్లను, లైసెన్స్ లేకపోయినా అక్కడి చట్టం దంపతులుగానే గుర్తించవచ్చు. ఆ తేదీ తర్వాత మొదలైన సహజీవనానికి అది వర్తించదు. నార్త్ కరోలినాలో అయితే ఎన్నేళ్లు కలిసి ఉన్నా పెళ్లి కాదు. వీలునామా లేకపోతే భాగస్వామికి వాటా లేదు. అందుకని వీలునామా, వైద్య నిర్ణయాల పవర్ ఆఫ్ అటార్నీ రాసుకోమని లాయర్లు గట్టిగా చెప్పారు. పెళ్లి చేసుకోమని పోరుతున్న తల్లిదండ్రులు కూడా ఈ కాగితాల విషయంలో పిల్లలను ఒప్పిస్తే మంచిది.

గుడిలో పెళ్లి చేసుకునేవాళ్లకు చిన్న మాట. నార్త్ కరోలినాలో లైసెన్స్ చూడకుండా పెళ్లి చేయించడం పురోహితుడి మీదకు వచ్చే నేరం. రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ (కౌంటీ రిజిస్ట్రేషన్) ఆఫీసులో ఇచ్చే లైసెన్స్ 60 రోజులు చెల్లుతుంది. ముహూర్తం ముందు అది చూసుకోండి.

స్వలింగ వివాహాల సదస్సుకు ఈ చట్టమే దారి చూపింది. 2012 మేలో నార్త్ కరోలినా ఓటర్లు స్త్రీ పురుషుల మధ్య జరిగేది మాత్రమే పెళ్లి అని రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చారు. ప్రేమగా ఒక్కటవుతామన్న స్వలింగ జంటకు తమ మత పద్ధతిలో పెళ్లి చేస్తే పాస్టర్ నేరస్థుడవుతాడా అని యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ మన షార్లెట్ ఫెడరల్ కోర్టులో కేసు వేసింది. 2014 అక్టోబర్ 10న ఆ నిషేధం పోయింది. మరుసటి ఏడాది జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో స్వలింగ వివాహ హక్కు దేశమంతా వచ్చింది. ఆ తీర్పును మళ్లీ తెరవమన్న అర్జీని 2025 నవంబర్‌లో కోర్టు తిప్పికొట్టింది. అయినా రాష్ట్ర రాజ్యాంగంలో ఆ వాక్యం చెరిగిపోలేదు. ఒకవేళ రేపు తీర్పు మారితే, 2022 ఫెడరల్ చట్టం వల్ల ఇప్పటికే అయిన పెళ్లిళ్లు నిలుస్తాయి గానీ, కొత్త లైసెన్సులు ఇచ్చి తీరాలని రాష్ట్రాలను అది నిర్బంధించదు. మన పిల్లల భయం ఊరికే కాదు. ఇంటి హింస నుంచి రక్షణ ఉత్తర్వు కూడా, పెళ్లి కాని స్వలింగ జంటల్లో ప్రేమలో ఉన్నవాళ్లకు ఈ రాష్ట్రంలో ఖాయమైంది 2022లోనే.

భారత్‌లో స్వలింగ వివాహాలకు గుర్తింపు కోరిన కేసులో మొదటి అర్జీదారులు హైదరాబాద్ జంటే. 2023 అక్టోబర్ 17న అక్కడి సుప్రీంకోర్టు కుదరదంది. ఇక్కడ చేసుకున్న పెళ్లికి అమెరికా వీసాల్లో విలువ ఉంటుంది, ఇండియాలో ఉండదు. పిల్లల గురించి ఎవరితోనూ మాట్లాడలేకపోయిన తల్లిదండ్రులు కొందరు ఆ రోజు సదస్సు అయ్యాక చాలాసేపు ఉండిపోయారు. వాళ్లు వచ్చినందుకు నేను కృతజ్ఞురాలిని.

ఇలాంటి విషయాలు సంఘంలో ఎందుకని కొందరు పెద్దలు అడిగారు. వాళ్ల ఆందోళన నాకు అర్థమైంది, కానీ నేను వాళ్లతో ఏకీభవించను. పండుగలకు కలిసేవాళ్లం కష్టానికి కలవకపోతే ఎలా? చట్టం తెలియక నష్టపోయేది ఎక్కువగా ఉద్యోగం లేని, ఇక్కడ పుట్టింటివాళ్లు లేని ఆడవాళ్లే.

వచ్చే ఏడాది ఈ సదస్సులను సరిహద్దుకు రెండు వైపులా పెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది. కోర్టు కాగితాలు చదివి తెలుగులో చెప్పగల వాలంటీర్లు కావాలి. పేర్లు ఈ రోజే ఇవ్వండి. కుటుంబ సభ్యత్వాన్ని "భర్త, భార్య" అని కాకుండా చట్టబద్ధంగా పెళ్లయిన ఏ జంటకైనా ఇవ్వాలన్న తీర్మానాన్ని కార్యవర్గం సర్వసభ్య సమావేశం ముందు పెడుతోంది. చర్చ తర్వాత ఓటింగ్ ఉంటుంది.

కార్యదర్శి