కీమో మందు కలిపే చేతుల సంగతేమిటి?

సంపాదకుడికి,

పదకొండేళ్లుగా క్యాన్సర్ పేషెంట్లకు కీమో ఎక్కించే వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. దేశంలోని అన్ని జిల్లా ఆసుపత్రుల్లో మూడేళ్లలో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు (కీమో ఎక్కించుకుని అదే రోజు ఇంటికి వెళ్లిపోయేవి) పెడతామని, 2025-26లోనే 200 తెరుస్తామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. కీమో ఎక్కించుకుని, కడుపులో తిప్పుతుండగా రాత్రి బస్సులో ఆదిలాబాద్ వైపు తిరిగి వెళ్లే పేషెంట్లను చూసినదాన్ని. ఆ మాట విని ఎంతో సంతోషించాను. అయితే ఆ సెంటర్లలో మందు ఎవరు కలుపుతారు, ఏ గదిలో కలుపుతారు అన్నది కూడా ఇప్పుడే తేలాలి.

నేను చేరిన కొత్తలో కిటికీ పక్కన ట్రాలీ మీదే కలిపేవాళ్లం. ఒక జత మామూలు గ్లోవ్స్, ఒక గుడ్డ మాస్కు, అంతే. మందు పొడి ఉన్న వయల్‌లోకి (చిన్న సీసాలోకి) నీళ్లు ఎక్కించి సూది బయటికి లాగేటప్పుడు లోపలి ఒత్తిడికి మందు సన్నటి తుంపరలా చిమ్ముతుంది. డాక్సోరుబిసిన్ అనే కీమో మందు ఎర్రగా ఉంటుంది కాబట్టి చేతి మీద పడితే తెలుస్తుంది. సైక్లోఫాస్ఫమైడ్ అనే ఇంకో మందుకు రంగు ఉండదు, పడినా తెలియదు. అది మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఎప్పుడో చెప్పింది. పేషెంటుకు అది ప్రాణం పోసే మందు, ఆ రిస్కు తీసుకోవడంలో అర్థముంది. రోజూ పీల్చే నర్సుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇది కొత్తగా తెలిసిన విషయమూ కాదు. ఈ మందులు కలిపే నర్సుల మూత్రంలో జన్యువులను మార్చే గుణం కనిపించిందని 1979లోనే ఫిన్లాండ్ పరిశోధకులు రాశారు. అమెరికాలో నర్సుల గర్భాలు ఏడు వేలకు పైగా పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ మందులతో పనిచేసినవాళ్లకు గర్భస్రావం ముప్పు దాదాపు రెట్టింపు ఉన్నట్టు తేలింది. నాకూ మూడో నెలలో పోయింది. మందు వల్లేనని అనను, అలా అనడానికి నా దగ్గర రుజువు లేదు. కానీ ఆ మూడు నెలలూ రోజూ కలిపాను. డ్యూటీ మార్చమని అడగవచ్చని కూడా అప్పుడు తెలియదు.

చేయాల్సినవన్నీ ఖరీదైనవి కావు. డ్రిప్ సెట్‌ను మందుతో కాకుండా ముందు ఉత్త సెలైన్‌తో నింపితే చాలు, చివర కారే చుక్కల్లో మందు ఉండదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు కీమో డ్యూటీ వేయకపోవడానికి ఒక సర్క్యులర్ చాలు. ఖర్చయ్యేవి బయోసేఫ్టీ క్యాబినెట్ (మందు తుంపరను ఫ్యాన్‌తో లోపలికే లాగి వడకట్టే పెట్టె, అందులో చేతులు పెట్టి మందు కలుపుతాం), రెండు జతల కీమో గ్లోవ్స్, తడి పీల్చని గౌన్లు, మందు ఒలికితే వాడే కిట్, తుంపర బయటికి రానివ్వని మూసి ఉండే సిరంజి పరికరాలు. సెంటర్ తెరవకముందే ఇవి టెండర్లో ఉండాలి. ఆయాలను అస్సలు మరవకూడదు. కీమో అయ్యాక కనీసం రెండు రోజులు పేషెంటు మూత్రంలో, వాంతిలో మందు ఉంటుంది. బెడ్‌పాన్ కడిగే ఆయమ్మకు ఆ మాట ఎవరూ చెప్పరు. మా వార్డులో మేమే చెప్పుకున్నాం.

మా దగ్గర ఇప్పుడు క్యాబినెట్ ఉంది. నాలుగు నెలలుగా దాని ఫ్యాన్ తిరగడం లేదు. వచ్చే నెల వార్డుకు ముగ్గురు కొత్త అమ్మాయిలు వస్తున్నారు, ఒకమ్మాయికి ఈమధ్యే పెళ్లయింది. వాళ్లు డ్యూటీలో చేరేలోపు రిపేరు చేయించమని మొన్న సోమవారం మూడోసారి కాగితం పెట్టాను.

— ఒక స్టాఫ్ నర్సు, వరంగల్
(పేరు ప్రచురించవద్దని మనవి)