చీకట్లో నీడ ఎక్కడిది?

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన కిరాయి హంతకుడి కథ మీద మూడు వారాలుగా ఉత్తరాలు వస్తున్నాయి. హంతకుణ్ని నాయకుడిగా నిలబెట్టడం తగునా అని కొందరు, ఈ రోజుల్లో మంత్రతంత్రాల కథలెందుకని కొందరు. మాయల ఫకీరు ప్రాణమున్న చిలకను పట్టిన బాలవర్ధిరాజుకు ఊరూరా బుర్రకథల్లో జేజేలు కొట్టినవాళ్లం మనం. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు అక్కడే ఉంది. ఈ కథతో పెట్టుకోవాల్సిన తగువు మాయ దగ్గర కాదు, మాయ లేని చోట్ల.

కథ చదవనివారి కోసం రెండు ముక్కలు. నీడలో కరిగిపోయే విద్య తెలిసినవాడు అమావాస్య రాత్రి తాడు వేసి అరవై అడుగుల కోటగోడ ఎక్కుతాడు. కునుకు తీస్తున్న ఇద్దరు కాపలావాళ్లను దాటి రాజు పడకగదిలోకి వెళ్తాడు. దీపం ఊదేసి, ముప్పై అడుగుల దూరం నుంచి బాకు విసిరి, అరఘడియలో బయటపడతాడు.

ముందు ఆ నీడ సంగతి. నీడ పడాలంటే వెలుగుండాలి, దానికి అడ్డంగా ఏదైనా ఉండాలి. అమావాస్య నాడు దీపం కూడా ఆరిపోయాక వీడు కరగడానికి నీడ ఎక్కడిది? చీకటంతా నీడే అని రచయిత అనుకుంటే, అలాంటివాడికి తాడెందుకు, గోడ ఎక్కడమెందుకు? రెండిట్లో ఏదో ఒకటి మొదట్లోనే తేల్చాలి. ఫకీరు కథలో ఆ తేల్చడం ఒక్క వాక్యంతో అయిపోతుంది: వాణ్ని ఎవరూ ఏమీ చేయలేరు, ప్రాణం మాత్రం ఫలానా చోట చిలకలో ఉంది. ఇక్కడ కూడా వెలుగుంటేనే నీడ అని ఖాయం చేసుకుంటే కథ తనంత తానే బిగిసేది. దీపం ఉంటే రాజు చూస్తాడు, ఆర్పితే వీడి విద్య పోతుంది. ఇంత మంచి చిక్కు చేతికి వచ్చి జారిపోయింది.

ఇక ఆ దీపం. ఆముదం దీపాన్ని నోటితో ఊదితే మంట పోతుంది కానీ వత్తి కొస కాసేపు ఎర్రగానే ఉంటుంది. అందులోంచి సన్నటి పొగ లేచి, కమురు వాసన గదంతా పడుతుంది. తలుపులు మూసిన గదిలో అంతకంటే పెద్ద చాటింపు ఉండదు. పని తెలిసినవాడు వత్తిని నూనెలోకి తోసి కొండెక్కిస్తాడు. పొగా ఉండదు, వాసనా తక్కువే. (మన ఇళ్లలో దీపాన్ని నోటితో ఊదరన్న సంగతి అలా ఉంచండి.) ఆర్పిన మరుక్షణం ఇతగాడికి గది మూలమూలా కనబడుతుంది కూడా! వెలుగులోంచి వచ్చిన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 25 నుంచి 30 నిమిషాలు, అంటే ఘడియ దాటుతుంది. అరఘడియ అంటే 12 నిమిషాలే. వాడు గుడ్డివాడిలా తడుముకుంటూ ఉండగానే కథ అయిపోవాలి. లోపలికి వచ్చే ముందు ఒక కన్ను మూసి ఉంచుకున్నాడని ఒక్క మాట రాసినా ఈ చిక్కు చాలావరకు తీరేది.

బాకు గురించి ఎక్కువ అక్కర్లేదు. విసిరిన బాకు గాల్లో తిరుగుతూ పోతుంది. దూరం అడుగో రెండడుగులో అటూ ఇటూ అయితే తగిలేది మొన కాదు, పిడి. చీకట్లో దూరం అంచనా వేసి, దుప్పటి కప్పుకున్న మనిషి గుండెలో దింపడం మాయ కంటే పెద్ద మాయ.

కాపలా మాత్రం వదిలేసే విషయం కాదు. నిద్ర లేచిన రాజును ఎవరెవరు చుట్టి ఉండాలో కౌటిల్యుడి అర్థశాస్త్రం వరసగా చెబుతుంది. మొదట విల్లు పట్టిన స్త్రీలు, రెండో వాకిట కంచుకం (పొడుగు చొక్కా), తలపాగా ధరించిన అంతఃపుర సేవకులు, మూడో వాకిట మరుగుజ్జులూ కిరాతులూ, నాలుగో వాకిట మంత్రులూ బంధువులూ ఈటెలు పట్టిన ద్వారపాలకులూ. ఇంత అమరిక ఉండే చోట గుమ్మం ముందు ఇద్దరు నిద్రమొహాలా? పైగా ఆ గ్రంథం లెక్కపెట్టిన హత్యల్లో గోడ ఎక్కినవాడు ఒక్కడూ లేడు. భద్రసేనుణ్ని రాణి ఇంట్లో దాక్కున్న తమ్ముడు చంపాడు. కారూశుణ్ని తల్లి మంచం కింద నక్కిన కొడుకు చంపాడు. కాశీరాజుకు తేనె అని చెప్పి విషం కలిపిన పేలాలు పెట్టింది భార్య. వైరంత్యుడికి విషం పూసిన అందె, విదూరథుడికి రాణి జడలో దాచిన కత్తి. చంపేవాడు అప్పటికే లోపల ఉన్నవాడు.

మాట గురించి కూడా ఒక పాఠకురాలు అడిగారు. కిరాయి హంతకుడు, సుపారీ అనగానే క్రైం పేజీ వాసన వస్తుందన్న ఆమె మాట నిజం. కౌటిల్యుడు ఇచ్చిన పేర్లున్నాయి: డబ్బు కోసం ప్రాణాలకు తెగించి ఏనుగుతోనైనా తలపడేవాడు తీక్ష్ణుడు, అయినవాళ్ల మీద ప్రేమ లేని, పైగా సోమరి అయిన క్రూరుడు రసదుడు, అంటే విషం పెట్టేవాడు. ఆ సోమరితనాన్ని అర్హతల్లో చేర్చడం చూస్తే ఆయనకు మనుషులు ఎంత బాగా తెలుసో అర్థమవుతుంది.

అసలు ఇలాంటి కథకు ప్రాణం పథకం పారడంలో కాదు, తప్పడంలో ఉంటుంది. నందుల మంత్రి రాక్షసుడి మనుషులు చంద్రగుప్తుడి మీద చేసిన ప్రయత్నాలు విశాఖదత్తుడి సంస్కృత నాటకం ముద్రారాక్షసం రెండో అంకంలో వరసగా వస్తాయి. దారువర్మ అనే వడ్రంగి రాజద్వారం మీద మీట తీస్తే కూలే తోరణం కడతాడు. అతని తప్పల్లా ఆజ్ఞ రాకముందే తోరణం సిద్ధం చేయడం. చాణక్యుడికి అనుమానం వచ్చి, అర్ధరాత్రి ఊరేగింపులో చంద్రగుప్తుడి ఆడ ఏనుగు చంద్రలేఖ మీద ఆయనకు బదులు పర్వతరాజు తమ్ముడు వైరోధకుణ్ని ఎక్కిస్తాడు. మావటి బర్బరకుడూ రాక్షసుడి మనిషే. బంగారు కర్రలో దాచిన కత్తి తీయబోతాడు. దెబ్బ పడుతుందేమోనని ఏనుగు నడక మార్చి జోరు అందుకుంటుంది. పాత నడక లెక్కతో వదిలిన తోరణం గురి తప్పి మావటి మీదే పడుతుంది. దిక్కుతోచని దారువర్మ యంత్రం తాలూకు ఇనుప చీలతోనే వైరోధకుణ్ని కొట్టి చంపుతాడు, తనూ రాళ్ల దెబ్బలకు పోతాడు. ఏ మాయా లేదు. ఏనుగు అడుగు మారింది, అంతే.

అదే అంకంలో పడకగది గోడ సొరంగంలో దాక్కున్నవాళ్ల సంగతి ఇంకా బాగుంటుంది. రాజు రాకముందే చాణక్యుడు గది చూడటానికి వస్తాడు. గోడ పగులులోంచి అన్నం మెతుకులు మోసుకొస్తున్న చీమల బారు కనబడుతుంది. మెతుకులున్నాయంటే లోపల తినేవాళ్లున్నారు. ఇంటికి నిప్పు పెట్టిస్తాడు. మీ కథలో అలాంటి చీమ ఒక్కటీ లేదు.

బయటపడే దారి గురించి చివరగా. అసాసిన్ అనే ఇంగ్లీషు మాటకు మూలమైన, ఇరాన్ కొండల్లోని అలమూత్ కోట మనుషుల్లో చాలామంది తప్పించుకునే ఆలోచనే పెట్టుకునేవారు కాదు. 1092లో సెల్జుక్ సుల్తానుల వజీరు నిజాముల్ ముల్క్‌ను సూఫీ వేషంలో దగ్గరికి వచ్చి బాకుతో పొడిచినవాడు అక్కడే దొరికిపోయాడు. ప్రాణంతో తిరిగి రావాలనుకుంటే ఖర్చు పెరుగుతుంది. అరవై అడుగుల మేర వేలాడే నార తాడు, మనిషి బరువు ఆపేలా రెండు సెంటీమీటర్ల మందం ఉంటే, దాదాపు 5 కిలోలు తూగుతుంది. దిగాక కిందికి లాక్కోవాలంటే గోడ పైన దేనికో చుట్టి రెండు కొసలూ కిందికి వదలాలి. రెట్టింపు పొడవు, రెట్టింపు బరువు. మన హంతకుడు ఒంటి వరస తాడుతో ఎక్కి, దాంతోనే దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. తరువాయి భాగం వస్తుందని మీరు అచ్చువేశారు. తెల్లవారుజామున గస్తీవాళ్లకు మొదట కనబడేది గోడకు వేలాడుతున్న ఆ తాడే కాబట్టి, రచయిత అక్కణ్నుంచి ఎత్తుకుంటే బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తెనాలి