కింద రెస్టారెంటు ఉంటే పై ఫ్లాటుకు విలువ పెరుగుతుందా?

సంపాదకులు గారికి,

స్థిరాస్తి పేజీల్లోని ప్రకటనల్లో బడి, ఆసుపత్రి ఎంత దూరమో చెప్పాక ‘నడిచి వెళ్లేంత దగ్గర్లో కెఫేలు, రెస్టారెంట్లు’ అని రాయడం మామూలైపోయింది. అందులో అబద్ధం లేదు గానీ, కొనేవాళ్లు ఆ ఒక్క మాటకు ఎంత అదనంగా ఇవ్వొచ్చో లెక్క చూసుకోవడం లేదు.

హార్వర్డ్ అర్థశాస్త్రవేత్త ఎడ్వర్డ్ గ్లేజర్ బృందం 2018లో యెల్ప్ (హోటళ్లు, షాపుల మీద జనం అభిప్రాయాలు రాసే వెబ్‌సైటు) సమాచారాన్ని అమెరికా ఇళ్ల ధరల పక్కన పెట్టి చూసింది. ఒక జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) పరిధిలో కొత్త స్టార్‌బక్స్ తెరిచిన చోట ఇళ్ల ధరల్లో అర శాతం పెరుగుదల కనిపించింది. అర శాతమే! అదైనా కాఫీ కొట్టు వల్లే పెరిగిందని అనలేం. చీమలు బారులు కట్టాయని వాన రాదు, వాన వచ్చేలా ఉందని చీమలు కదులుతాయి. పెద్ద రెస్టారెంట్ సంస్థలు షాపు తీసుకునే ముందు పగలు అక్కడ ఎందరు పని చేస్తారు, రాత్రికి ఎందరు ఉంటారు, ఏ గంటలో ఎంతమంది నడుస్తారు అన్నీ లెక్క పెట్టుకునే వస్తాయి. 2019లో చైనాలోని తొమ్మిది నగరాల మీద జరిగిన పరిశోధన ఇదే పనిని తిరగేసి చేసింది: రెస్టారెంట్ల వివరాలను బట్టే ఆ ప్రాంతంలో పగటి జనం, రాత్రి జనం, కంపెనీల సంఖ్య అంచనా కట్టింది.

అందుకే రెస్టారెంటు తెరిచిన రోజు రద్దీ చూసి మురిసిపోకుండా, అది నిలబడుతుందా అన్నది చూడాలి. అద్దె అమ్మకాల్లో పదో వంతు దాటితే హోటలు నడపడం కష్టం. షాపు నెల అద్దె నాలుగు వందల మంది భోజనం బిల్లుతో సమానమనుకుందాం. అంటే నెలకు నాలుగు వేల మంది, రోజుకు 130 మందికి పైగా తినాలి. యాభై సీట్లుంటే రోజుకు రెండున్నర సార్లకు పైగా నిండాలి. ఆదివారం ఎక్కడైనా నిండుతుంది, మంగళవారం సాయంత్రం వెళ్లి లెక్కపెట్టండి. అమెరికాలోని కొలంబస్ నగరం మీద 2005లో వచ్చిన అధ్యయనంలో దాదాపు 26 శాతం రెస్టారెంట్లు మొదటి ఏడాదే, 60 శాతం దాకా మూడేళ్లలో చేతులు మారాయి లేదా మూతపడ్డాయి. మూతపడ్డాక ఆ షట్టర్‌లోకి ఇంకో హోటలు వెంటనే వస్తే వీధికి బలముందని అర్థం. ఆర్నెల్లు టు-లెట్ బోర్డు వేలాడి, చివరికి గోడౌన్ అయితే ప్రకటనలోని ఆ వాక్యాన్ని కొట్టేయొచ్చు.

ఇదంతా ఐదు నిమిషాల నడక దూరంలో ఉన్న రెస్టారెంటు సంగతి. అదే మన బిల్డింగులో కిందే ఉంటే కథ తిరగబడుతుంది. పొగ గొట్టం ఇంటికప్పు దాటి పైకి పోవాలి. ఫ్యాను ఆ గొట్టం పై చివర ఉంటే పొగను లాగేస్తుంది, అతుకుల్లో సందులున్నా బయటి గాలి లోపలికి పోతుందే తప్ప జిడ్డు బయటికి రాదు. ఖర్చు తగ్గుతుందని ఫ్యానును కింద వంటగది పక్కనే బిగిస్తే ఒత్తిడికి ప్రతి అతుకూ నూనె కక్కుతుంది. ఫ్యాను కింద రబ్బరు ప్యాడ్లు లేకపోతే ఆ గుయ్‌మనే మోత స్లాబు గుండా పడకగదికి చేరుతుంది. ఫ్లాటు చూడ్డానికి వెళ్లినప్పుడు బాల్కనీ కమ్మీ మీద వేలితో రుద్ది చూడండి. మామూలు దుమ్మయితే రాలిపోతుంది, జిడ్డు కలిసిందైతే నల్లగా సాగి వేలికి అంటుకుంటుంది. అదే జిడ్డు ఏసీ బయటి యూనిట్ రేకుల సందుల్లోనూ పేరుకుంటుంది.

డ్రైనేజీ సంగతి ఇంకా ఘోరం. వంటగది నీళ్లలోని జిడ్డును డ్రైనేజీలోకి పోకుండా ఆపే తొట్టి, అంటే గ్రీజ్ ట్రాప్‌లో పైన తేలే జిడ్డు, అడుగున దిగే మడ్డి కలిపి లోతులో నాలుగో వంతుకు చేరేలోపే తోడేయాలి. తోడకపోతే వేడిగా వెళ్లిన నూనె పైపులో చల్లారి గోడలకు గడ్డకడుతుంది, పొంగేది మాత్రం అందరి మ్యాన్‌హోల్. రాత్రి పదకొండు తర్వాత ఒకసారి వెళ్లి చూస్తే గిన్నెలు కడిగే చప్పుడు, డెలివరీ బైకుల గోల ఎంతో కూడా తెలిసిపోతుంది. కూర్చుని తినే వీలు లేని, పార్సిళ్లు మాత్రమే పంపే వంటగదులు ఇంకా అన్యాయం: వీధికి తెచ్చే కళ ఏమీ లేదు, బైకులు మాత్రం అన్నీ మనవే.

నన్నడిగితే నడుస్తున్న రెస్టారెంటు కన్నా ఖాళీ షట్టర్ ఎక్కువ ప్రమాదం. ఉన్నదాన్ని ముక్కుతో, చెవితో పరీక్షించవచ్చు, రాబోయేదాన్ని ఎలా? అడ్వాన్సు ఇచ్చే ముందే కింది షాపుల్లో వంట వ్యాపారానికి అనుమతి ఉందా, ఉంటే ప్లానులో పొగ గొట్టం ఏ గోడ వెంట పోతుందో చూపించారా అని అసోసియేషన్ దగ్గర కాగితం అడిగి చూడాలి. ఆ గోడ మీ పడకగదిదే అయితే ధర తగ్గించమని అక్కడే అడగండి.

ఇట్లు,
ఇళ్లకు విలువ కట్టే పనిలో ఉన్న ఓ పాఠకుడు