నొప్పిని రాసి చూపించడం నేర్పిన సిస్టర్‌కు కృతజ్ఞతలు

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. వయసుతో కీళ్లు అరిగి వచ్చే నొప్పి కాదిది. మన రోగనిరోధక వ్యవస్థే కీళ్లలోని పొర మీద దాడి చేసే జబ్బు. డాక్టరుగారు "ఎలా ఉందమ్మా?" అని అడిగితే "నొప్పిగానే ఉందండి" అనడం తప్ప ఇంకేమీ చెప్పలేకపోయేదాన్ని. ఇంట్లో పడిన బాధంతా ఆయన ముందు కూర్చోగానే ఎటుపోయేదో! ఈ చిక్కు తీర్చింది ఆ ఆసుపత్రిలో పనిచేసే నర్సు సిస్టర్. పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

అంత రద్దీలోనూ నా పక్కన కూర్చుని, రోజూ ఏమేం రాసుకోవాలో ఓపిగ్గా చెప్పారు. పొద్దున లేచాక కీళ్ల బిగుతు ఎంతసేపటికి వదిలింది, నొప్పి పదికి ఎంత, రాత్రి నిద్ర పట్టిందా, ఏయే కీళ్లు వాచాయి. రెండు చేతుల బొమ్మ గీసి, వాచిన కణుపు దగ్గర సున్నా చుట్టమన్నారు. "బాగాలేదు అని రాస్తే మాకు తెలియదమ్మా. రవిక హుక్కులు పెట్టుకోగలిగారా, కుళాయి తిప్పగలిగారా, అది రాయండి" అన్నారు. నా వేళ్లకు పెన్ను నిలవడం లేదని గమనించి, దానికి గుడ్డ చుట్టి లావు చేసి ఇచ్చారు. ఇప్పటికీ అదే పెన్నుతో రాస్తున్నాను.

ఈ జబ్బుకు నేను వాడే మెతోట్రెక్సేట్ అనే మందు వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఆ రోజును ఎర్ర సిరాతో రాయించారు. ఎర్ర అక్షరాల మర్నాడల్లా "వికారం, నీరసం" అని ఉండటం డాక్టరుగారి కంట పడింది. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షల రిపోర్టులతో పాటు నా పుస్తకం కూడా చూసి మందుల్లో మార్పులు చేశారు. గంట దాటినా వదలని పొద్దుటి బిగుతు ఇప్పుడు కాఫీ తాగే వేళకు వదులుతోంది. బయట అంతమంది ఎదురుచూస్తున్నా ప్రతి పేజీ తిప్పి చదివిన ఆయనకు నమస్కారాలు.

వేళ్లు అసలు వంగని రోజుల్లో పొయ్యి కట్టేసి వచ్చి, నేను చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టిన మా కోడలు చల్లగా ఉండాలి.

సిస్టర్, మొదటి పుస్తకం నిండిపోయింది. కొత్తగా వచ్చినవాళ్లకు ఎలా రాయాలో చూపించడానికి పనికొస్తుందంటే, ఈసారి వచ్చినప్పుడు మీ చేతికిస్తాను.