‘ఆగమన్నాం, ఆగలేదు’ అంటే సరిపోదు

సంపాదకులకు,

సరుకు ఓడ మీద యుద్ధనౌక కాల్పులు జరిపిందన్న వార్త వస్తే చాలు, వెంటనే ‘హెచ్చరికలు పట్టించుకోలేదు’ అన్న మాట కూడా వచ్చేస్తుంది. ఏ హెచ్చరిక? ఎంత దూరం నుంచి? ఇరవై ఏళ్లు ఓడల్లో పనిచేసినవాణ్ని కాబట్టి నాకు ముందు ఈ ప్రశ్నలే వస్తాయి.

నడిసముద్రంలో ‘ఆగు’ అని చెప్పడానికి అన్ని దేశాలకూ ఒకే భాష ఉంది. రెండు పసుపు గళ్లు, రెండు నల్ల గళ్లు ఉన్న ‘ఎల్’ జెండా ఎగరేస్తే ‘మీ ఓడను తక్షణం ఆపండి’ అని అర్థం. రాత్రయితే అదే అక్షరాన్ని మోర్స్‌లో లైటుతో కొడతారు: ఒక పొట్టి మెరుపు, ఒక పొడుగు, మళ్లీ రెండు పొట్టివి. ఓడల మధ్య మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్లో పిలవడం సరేసరి. అయితే గాలి మనవైపే వీస్తుంటే జెండా అంచు తప్ప గళ్లు కనబడవు. పైగా నిండు లోడుతో ఉన్న పెద్ద ఓడ, ఇంజిన్ ఆపాక కూడా మైళ్ల దూరం పోతూనే ఉంటుంది. చూసేవాళ్లకు అది మొండికేసినట్టే ఉంటుంది!

అందుకే 1982 నాటి ఐరాస సముద్ర చట్ట ఒప్పందం 111వ అధికరణంలో ఒక షరతు పెట్టింది. అవతలి ఓడకు కనబడేంత, లేదా వినబడేంత దూరం నుంచి ఆగమని సంకేతం ఇచ్చాకే వెంటాడాలి. యుద్ధకాలపు నిబంధనలు వేరు, వాటి జోలికి పోను.

‘సైగా’ కేసు చూడండి. 1997లో పశ్చిమాఫ్రికా దేశం గినియా గస్తీ సిబ్బంది ఈ చమురు ట్యాంకర్ని పట్టుకున్నారు. లోడుతో నీళ్లలోకి కుంగి ఉన్న ఓడ, గరిష్ఠ వేగం పది నాట్లు, అంటే గంటకు పది నాటికల్ మైళ్లు. దాని మీద ఎలాంటి సంకేతమూ ఇవ్వకుండా నిజం గుళ్లే పేల్చారు. ముందు సంకేతం, వినకపోతే ఓడ ముక్కుకు అడ్డంగా హెచ్చరిక కాల్పులు, ఏదీ పనిచేయనప్పుడే బలప్రయోగం అని అంతర్జాతీయ సముద్ర చట్ట ట్రిబ్యునల్ 1999లో తేల్చింది. గినియా 21 లక్షల డాలర్లకు పైగా పరిహారం కట్టాలంది.

కాబట్టి ఈసారి అలాంటి వార్త రాసేటప్పుడు మీ విలేకరులు నౌకాదళ ప్రకటనతో ఆగిపోవద్దని మనవి. పెద్ద సరుకు ఓడల్లో వాయేజ్ డేటా రికార్డర్ ఉంటుంది. ఓడను నడిపే గది, అంటే బ్రిడ్జి మీద మాటలూ, వీహెచ్‌ఎఫ్‌లో వచ్చిన పిలుపులూ అందులో రికార్డవుతాయి. అందులో ఏముందో కూడా అడిగి రాయండి.

— ఒక మాజీ డెక్ ఆఫీసర్