ఉయ్యాలవాడ నాటకం జమా ఖర్చుల వివరణ (కర్నూలు, రెండు రాత్రుల ప్రదర్శన)

చందాలిచ్చిన పెద్దలకు, మంచులో కూర్చుని చివరిదాకా చూసిన ప్రేక్షకులకు కమిటీ తరఫున కోశాధికారి నమస్కారాలు.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు మీద మేమే రాసుకున్న నాటకానికి మొత్తం జమ 2,62,020 రూపాయలు. కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల అంగళ్లలో, వీధుల్లో రశీదులిచ్చి వసూలు చేసింది 1,86,400. బెంగళూరు, హైదరాబాదుల్లో ఉన్న మన ఊరివాళ్లు బ్యాంకు ఖాతాకు పంపింది 62,000. పద్యాలకు వచ్చిన చదివింపులు 9,350. నటులు ఒక్క రూపాయి ఉంచుకోకుండా కమిటీకే ఇచ్చేశారు. నిరుటి నిల్వ 4,270. ఖర్చు 2,57,200. నిల్వ 4,820.

‘ఆట రెండు రాత్రులైతే లైట్లకు మూడు రాత్రుల బాడుగ ఎందుకు కట్టినారు?’ అని చాలామంది అడిగారు. అడగవలసిన ప్రశ్నే.

లైట్లకు అయింది 56,500. రాత్రికి 14,500 చొప్పున మూడు రాత్రులకు 43,500, లారీకి కూలీలకు 8,000, రంగు జెలటిన్ కాగితాలకు వైర్లకు 5,000. మూడో రాత్రి అంటే ఆటకు ముందురోజు, జనం లేకుండా లైట్లు పెట్టుకుని చేసిన రిహార్సల్. కథ 1846 నాటిది. అప్పటికి మన పల్లెలకు కిరసనాయిలు రాలేదు, ఇళ్లలో వెలిగింది ఆముదం దీపమే. మొదట్లో మేము లాంతరు పట్టుకుని రిహార్సల్ చేస్తుంటే కమిటీలోని రిటైర్డు మేష్టారు దాన్ని తీసేయించారు. తెరల పక్కన నిజం దీపం వెలిగించే సాహసం చేయలేదు. ఇత్తడి దీపంలో చిన్న బ్యాటరీ బల్బు దాచి, పైనుంచి అంబర్ వెలుగు వేశాం. నటి దీపం పట్టుకుని నడిస్తే ఆ వెలుగు ఆమె వెంటే నడవాలి. ఆపరేటరు చెయ్యి ఒక్క క్షణం వెనకబడితే దీపం దీపంలా ఉండదు. ఆ ఒక్క నడక కుదరడానికే గంటన్నర పట్టింది.

ఆ రాత్రే ఇంకొకటి బయటపడింది. కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) సిపాయిలు అడవిలో గాలించే దృశ్యానికి స్టేజంతా నీలి వెలుగు వేశాం. నీలం కింద ఎరుపు నల్లబడుతుంది. పన్నెండు ఎర్రకోట్లు చీకట్లో కలిసిపోయాయి, సిపాయి ఎవరో రెడ్డి మనిషి ఎవరో తెలియలేదు. ఆ కాలపు సిపాయిలు ఛాతీ మీద అడ్డంగా రెండు తెల్ల పట్టీలు వేసుకునేవారు. డబ్బు మిగులుతుందని మేము వాటిని వదిలేశాం. తెల్లారి దర్జీ దగ్గర కూర్చుని కుట్టించుకొచ్చాం. ఆటనాడు మనుషులు కనిపించక, చీకట్లో తెల్ల పట్టీలే కదిలి వస్తుంటే ముందు వరసలో పిల్లలు జడుసుకున్నారు. మూడో రాత్రి బాడుగకు ఇంతకన్నా జవాబు మా దగ్గర లేదు.

దుస్తులకు, మేకప్పుకు 52,740. ముందు బట్టలు బాడుగకే మాట్లాడాం. వచ్చినవి ఖాకీ పోలీసు బట్టలు. ఖాకీని ఈ దేశంలో సైన్యం తొడగడం మొదలైంది ఆ రోజుల్లోనే గానీ అది పంజాబు సరిహద్దు వైపు, ఈ కథ జరిగిన మన రేనాట్లో కాదు. తిప్పి పంపాం. బయానా 3,000 తిరిగి రాలేదు. సరుకు చూడకుండా బయానా ఇవ్వడం కమిటీ తప్పు, క్షమించాలి. తర్వాత కోట్లు సొంతంగా కుట్టించాం: ఒక్కొక్కటి 1,450, పన్నెండింటికి 17,400. పట్టీలకు, టోపీలకు 6,640. పంచెలకు, చీరలకు, రుమాళ్లకు ఎమ్మిగనూరు మగ్గం బట్ట 16,200. రసాయన రంగులు పుట్టిందే 1856లో. అందుకని మెరిసే గులాబీలు, పచ్చలు పక్కన పెట్టి, నీలిమందు నీలం, చిరివేరు అనే మొక్క వేరు నుంచి తీసే ఎరుపు, పసుపు, కోరా రంగులకే కట్టుబడ్డాం. మేకప్పుకు, గడ్డాలకు 9,500. గొంగళ్లకు లెక్కలో ఖర్చు కనబడదు. గొర్రెల కాపరులు తమ భుజాల మీదివి తీసి ఇచ్చారు. వాటిని కప్పుకున్నాకే మా కుర్రాళ్ల నడక మారింది.

వేదికకు 48,600. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటకాల తెరలు చూసి పెరిగినవాళ్లం కాబట్టి ‘కోట తెర ఏదయ్యా?’ అన్న పెద్దల బాధ మాకు అర్థమైంది. ఆ డబ్బుతో మూడు అంతస్తుల చెక్కమెట్లు కట్టించాం. కోట, కొండ, కచేరీ (సర్కారు ఆఫీసు) అన్నీ వాటి మీదే. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీసిన చివరి దృశ్యానికి ఒక్క తెల్లగుడ్డ, దాని వెనక ఒక్క లైటు. ఉరికొయ్య దగ్గరికి లైటును జరిపేకొద్దీ నీడ పెరిగి గుడ్డంతా ఆక్రమించింది. ఆ గుడ్డ ఖరీదు 900. మొత్తం ఖర్చులో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన పద్దు అదే.

సౌండుకు 31,800. ముందు మూడు స్టాండు మైకులు పెడితే నటులంతా వాటి ముందుకొచ్చి వరసగా నిలబడిపోతారని పైనుంచి వేలాడే మైకులు తెప్పించాం. తుంగభద్ర గాలికి వాటికి స్పాంజి తొడుగులు కూడా అవసరమయ్యాయి. తుపాకి మోత రికార్డులో గుండ్లు వరసగా పేలుతున్నాయి. మూతిలోంచి మందు దట్టించే ఆ తుపాకిని చెయ్యి తిరిగిన సిపాయి కూడా నిమిషానికి మూడుసార్లు మించి కాల్చడం కష్టం. ఒక్క మోత ఉంచి తక్కినవి తీసేశాం. మోతకూ మోతకూ నడుమ గుమ్మెట (మన పల్లెల డోలు వాద్యం) ఒక్కటే వినిపించింది. హార్మోనియం అప్పటికి మన పల్లెలకు రాలేదు, అయినా అది లేని పద్యం మన చెవికి ఆనదు. వెలుగు పడనిచోట పక్కన కూర్చోబెట్టాం. వాద్యకారులకు ఇచ్చింది 18,000.

ముప్పై ఎనిమిది రోజుల రిహార్సళ్లకు టీలు, టిఫిన్లు, భోజనాలు 27,460. కరపత్రాలకు, బ్యానర్లకు, అనుమతులకు 7,900. జనరేటరుకు, డీజిలుకు 14,200. రెండోరాత్రి జనరేటరు ఆరు నిమిషాలు ఆగిపోయింది, వాళ్లు 1,500 తగ్గించుకున్నాక మేము కట్టింది ఇది. ఆ చీకట్లో మైకు లేకుండానే పద్యం అందుకున్న నటుడికి, ఊపిరి బిగబట్టి విన్న మీకు మేము ఋణపడి ఉన్నాం.

బిల్లులన్నీ ఫైలులో ఉన్నాయి. ఆదివారం ఉదయం కమిటీ గదికి ఎవరు వచ్చినా చూపిస్తాం. నిల్వ 4,820 బ్యాంకులో వేశాం. పన్నెండు కోట్లు, పట్టీలు, టోపీలు ఇనుప పెట్టెలో భద్రంగా ఉన్నాయి. జిల్లాలో ఏ ఊరివాళ్లు ఆ కాలపు నాటకం ఆడినా బాడుగ లేకుండా ఇస్తాం, ఉతికి తిరిగి ఇస్తే చాలు. గొంగళ్లు ఎవరివి వారికి చేర్చాం.